పడితే కుర్చీ

మా బావ సెలూన్‌లో ఒక రూలు ఉంది. గోడ మీద ఎక్కడా రాసిపెట్టలేదు గాని వీధిలో అందరికీ తెలుసు. పడితే కుర్చీ. అంటే, ముందు వచ్చినవాడికి ముందు కటింగ్ కాదు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు టీవీలో ఆట ఆడుతుంటారు. ఎవడి బొమ్మ గుంటలో పడుతుందో వాడు కంట్రోలర్ పక్కవాడి చేతిలో పెట్టి, లేచి వచ్చి కుర్చీలో కూర్చోవాలి. చేతకానివాడికి ముందుగా పని జరిగే చోటు ఇదొక్కటేనేమో.

నేను ఆయన బావమరిదిని, రెండో కుర్చీ నాది. బావ గురించి నాలుగు మాటలు అనే హక్కు మా అక్క పెళ్ళితోనే నాకు వచ్చింది, దాన్ని ఏనాడూ వృథా చేయలేదు. ఆటలంటే నాకు ఒళ్ళుమంట. సెలూన్ అన్నాక కత్తెర చప్పుడు వినిపించాలి, మనుషుల కబుర్లు వినిపించాలి. మా దగ్గర "దూకు, దూకు, అయ్యయ్యో" అని వినిపిస్తుంది. ఒకాయన నా కుర్చీలో కూర్చుని కూడా "అయ్యో" అంటూ ఎగిరిపడితే, ఆయన చెవి పక్క గీత వంకరపోయింది. దాన్ని సరిచేయబోయి రెండో పక్క కూడా ఎత్తేశాను, ఆ నెలంతా ఆయన టోపీ పెట్టుకు తిరిగాడు.

అసలు ఆ ఆటల పెట్టె వచ్చింది మా మేనకోడలి కోసం. అక్క ఆస్పత్రిలో నర్సు, షిఫ్టుల పని. అందుకని అమ్మలు బడి అయిపోగానే సెలూన్‌కి వచ్చి బెంచీ చివర కూర్చునేది. దాని అసలు పేరు బడి రిజిస్టర్‌కే, మాకెప్పుడూ అమ్మలే. హోమ్‌వర్క్ అయ్యాక పాపం దానికి ఏం తోస్తుంది? వచ్చేపోయే తలలు చూస్తూ ఎంతసేపని కూర్చుంటుంది? బావ ఎవరో వాడి వదిలేసిన కన్సోల్ ఒకటి కొని తెచ్చి వెనక గోడ మీది టీవీకి తగిలించాడు. అందులో డిస్కు పెట్టే చోటు పాడైపోయి ఉంది. దాంతో ఇంటర్నెట్‌లో స్టోర్ తెరిచి దింపుకునే ఆటలే దిక్కయ్యాయి.

తండ్రీకూతుళ్ళు ఆ స్టోర్‌లో వెతికే తీరు చూస్తే నాకు నవ్వొచ్చేది. పైన మెరిసిపోతున్న పెద్ద ఆటలన్నీ దాటించుకుంటూ, ఎవరూ వెళ్ళని అట్టడుగుకి పోయేవాళ్ళు. అక్కడ ఇద్దరో ముగ్గురో కలిసి చేసిన ఆటలుంటాయి. ఒకదాంట్లో ఓ గొడుగు, తెరుచుకుంటే పైకి లేస్తుంది, మూసుకుంటే దభీమని కిందికి. ఇంకోదాంట్లో దీపం వెలుగు పడ్డచోటే నేల ఉంటుంది, వెలుగు జరిగిందా, కాలికింద ఏమీ ఉండదు. మరోదాంట్లో ఒక నత్త. అది దూకినప్పుడల్లా దాని వీపు మీది ఇంట్లో సామాన్లు దొర్లిపోతాయి, బీరువా ఏ పక్కకి దొర్లితే నత్త ఆ పక్కకి ఒరుగుతుంది. ఆటలంటే ఒళ్ళుమంట అన్నాను గాని, ఆ నత్త మాత్రం నాకూ నచ్చింది. ఈ సంగతి మా బావకి చెప్పకండి.

"ఆ పెద్ద ఆటలు ఒక్కటైనా కొనవేం బావా? నలుగురూ ఆడేవి అవే కదా" అని అడిగాను ఒకసారి.

"పెద్ద సెలూన్‌కి వెళ్ళావనుకో, తల బానే చేస్తారురా. ఎవడు చేశాడో తెలీదు. ఈ చిన్నవాళ్ళ ఆటలో అయితే చెయ్యి కనిపిస్తుంది" అన్నాడు.

చెయ్యి కనిపిస్తోంది. ఆయన నోట్లోంచి వచ్చే అతిపెద్ద మెచ్చుకోలు అదే. ఎవరైనా ఆట పూర్తిచేసి, చివర్లో చేసినవాళ్ళ పేర్లు పైకి జరుగుతుంటే, బావ కత్తెర ఆపి అవన్నీ గట్టిగా చదివేవాడు. "చూశారా, బొమ్మలు ఈయనే వేశాడు, పాట కూడా ఈయనే. వాళ్ళమ్మకి థ్యాంక్స్ చెప్పాడు చూడండి." కుర్చీలో ఉన్నవాడు మెడ మీద నురగతో, కదలకుండా, ఎవరిదో తెలియని అమ్మకి గౌరవంగా తలూపేవాడు.

ఇక రూలు సంగతి. నా వంతంటే నా వంతని బెంచీ మీద రోజూ గొడవలయ్యేవి. ఓ రోజు విసుగొచ్చి, "ఎవరు పడితే వాళ్ళు రండి, పీడా పోతుంది" అన్నాడు బావ. అది కాస్తా శాసనమైంది. స్కూలు బస్సు డ్రైవర్‌కి ఎప్పుడూ తొందరే, మొదటి గుంటలోకే సంతోషంగా దూకేసి కుర్చీ ఎక్కేవాడు. రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం పడడం నామోషీగా భావించేవారు. ఆయన చేతికి కంట్రోలర్ వెళ్ళిందంటే మిగతావాళ్ళు టీ తాగి వచ్చేవాళ్ళు. చివరికి వాళ్ళావిడే మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఏవయ్యా, ఈయన పొద్దున్నే కటింగ్‌కని బయల్దేరి భోజనం వేళకి అదే జుట్టుతో ఇంటికొస్తున్నారు. మీరు అసలు కత్తిరిస్తారా, లేకపోతే పెంచుతారా?"

మాస్టారు ఆటలోంచి తల తిప్పకుండానే, "ఇదిగో, వచ్చేస్తున్నా" అన్నారు. ఎక్కడొచ్చారు? ఆ రోజు కూడా ఆయన పడలేదు.

ఇన్ని ఆటలు తెప్పించిన మా బావ మటుకు కంట్రోలర్ ముట్టేవాడు కాదు. ఆయన దాన్ని రిమోట్ అంటాడు. "మంగళవారం సెలవే కదా బావా, ఓసారి ఆడొచ్చుగా" అంటే, "మొదలుపెడితే ఆపలేనురా, నా సంగతి నాకు తెలుసు" అనేవాడు. కస్టమర్ తల వెనక నిలబడి, చేతులు తమ పని తాము చేస్తుంటే, ఎదురుగా ఉన్న అద్దంలోంచి వెనక గోడ మీది టీవీని చూసేవాడు. చూడడమే కాదు, సలహాలు కూడా. "ఎడమకి, ఎడమకి దూకు. ఆ పలక ఊగి వచ్చేదాకా ఆగి, ఇప్పుడు, ఎడమకి!" ఆయన మాట విని ఎడమకి దూకినవాడల్లా పడేవాడు. అందుకని బావ ఎడమంటే కుడి, కుడంటే ఎడమ అని బెంచీ మీద అందరూ నేర్చుకున్నారు. గిరాకీ కోసం కావాలనే పడేయిస్తున్నాడని మేం నవ్వుకునేవాళ్ళం. ఆయనా నవ్వి ఊరుకునేవాడు.

అమ్మలు పెద్దదైంది. ఇద్దరు స్నేహితులతో కలిసి ఓ అద్దె గదిలో స్టూడియో పెట్టింది. స్టూడియో అంటే మూడు బల్లలు, ఓ ఫ్యాను, కిటికీలో ఎండిపోయిన ఒక మొక్క. రెండేళ్ళు పగలనక రాత్రనక కష్టపడి వాళ్ళూ ఓ దూకే ఆట తయారుచేశారు. అందులో హీరో ఓ చిన్న పిలక. కత్తెర పడగానే నేల మీద రాలి, చీపురుకి దొరక్కుండా దూకుకుంటూ పారిపోతుంది. "స్టోర్‌లో పెట్టేముందు నువ్వు ఆడాలి నాన్నా. నీ చేత్తో, మొదట్నించి చివరిదాకా" అని మాట తీసుకుంది. బావ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ఆడతా. దానికేం భాగ్యం? ఇన్నేళ్ళుగా చూస్తున్నా, పడతానా?" అన్నాడు. వీధంతా చాటింపు వేసినట్టు చెప్పుకున్నాడు.

అమ్మలు పెన్‌డ్రైవ్‌లో ఆట తెచ్చి మా కన్సోల్‌లోకి ఎక్కించిన రోజు బెంచీ నిండిపోయి, కొందరు గుమ్మంలో నిలబడ్డారు. బావ చేతులు తుడుచుకుని, టీవీకి ఎదురుగా కూర్చుని, రిమోట్ పట్టుకున్నాడు. పిలక నేల మీద నిలబడి ఎదురుచూస్తోంది. బావ దాన్ని ఎడమకి నడిపించాడు. ఎడమ పక్కనున్నది గోడ. పిలక గోడకి తల కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. బావ కుడికి తిప్పాడు, ఓ గుంట వచ్చింది, దూకాల్సిన క్షణంలో ఆయన బొటనవేలు ఎడమకి వాలింది. పడ్డాడు. ఇంకోసారి, మరోసారి, అలాగే పడ్డాడు. స్కూలు బస్సు డ్రైవర్ కావాలని పడే గుంటలో మా బావ పడకూడదనుకుని పడుతున్నాడు.

"పడితే కుర్చీ" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు, బావ కూడా పెదాలతో నవ్వాడు. రిమోట్ పక్కన పెట్టి, "కస్టమర్లున్నారమ్మా, తర్వాత ఆడతాలే" అని కత్తెర అందుకున్నాడు. అమ్మలు బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది. దాని మొహం చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

సాయంత్రం ఫోన్ చేసింది.

"మావయ్యా, నాన్నకి నచ్చలేదు కదూ?"

"అదేం లేదే. పనుండి లేచాడు."

"నాకు తెలీదా? ఎంత చెత్త ఆటైనా చివరి పేర్ల దాకా చూసే మనిషి. నాది మొదటి గుంట దగ్గరే వదిలేశాడు." తర్వాత అసలు సంగతి చెప్పింది. "చివరి లెవెల్ తీసేస్తున్నాం మావయ్యా. ఆడి చూసినవాళ్ళెవరూ దాన్ని దాటలేకపోతున్నారు, గందరగోళంగా ఉందంటున్నారు. మావాళ్ళు ఎప్పట్నించో తీసేద్దామంటున్నారు. మా నాన్న దాటితే ఉంచుదాం అని నేనే పట్టుబట్టా. అది ఆయన కోసం చేసిన లెవెలే. ఇంక ఆయన అంతదాకా రానేరాడు. శనివారం ఆట స్టోర్‌కి పంపేయాలి."

ఫోన్ పెట్టేశాక బావ మీద పిచ్చికోపం వచ్చింది. కన్నకూతురు రెండేళ్ళు కష్టపడితే కాసేపు కూర్చోలేకపోయాడా? పొద్దున్నే వెళ్ళి నాలుగు దులిపేద్దామని మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. కొన్ని చాలా బాగా కుదిరాయి కూడా.

పొద్దున వెళ్ళేసరికి షట్టర్ సగమే లేచి ఉంది. వంగి లోపలికి దూరి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాను. బావ రోజూ నిలబడే చోటే, ఖాళీ కుర్చీ వెనక, టీవీకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. చూపు అద్దంలో. చేతిలో రిమోట్ వెనకది ముందుకి తిరిగి ఉంది, దాని వైరు ఆయన పొట్టకి ఆనుకుని ఉంది. టీవీలో పిలక ఎగిరిపోతోంది! దువ్వెన పళ్ళ మీద టకటకా పరిగెత్తి, పౌడరు డబ్బా మీదెక్కి, చీపురు ఇలా రాగానే అలా దాని మీదుగా దూకి అవతల పడింది. మాస్టారు కూడా అంత బాగా ఆడగా నేను చూడలేదు.

"బావా, ఏంటిది?"

ఉలిక్కిపడి రిమోట్ దాచుకోబోయాడు. దొంగతనంగా బెల్లం తింటూ దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు. తిట్లన్నీ మర్చిపోయి పక్కన కూర్చున్నాను.

"నేను ఇన్నేళ్ళూ ఆటని అద్దంలోనే చూశా కదరా" అన్నాడు చివరికి. "మీకందరికీ బొమ్మ కుడికి నడుస్తుంది. నాకు ఎప్పుడూ ఎడమకే నడిచింది. గొడుగు ఎడమకే, నత్త ఎడమకే. నిన్న టీవీ ఎదురుగా కూర్చుంటే అంతా తిరగబడి ఉంది. కుడికి పోవాలని బుర్రకి తెలుస్తూనే ఉంది, చేతికి తెలిసి చావట్లేదు."

"మరి నువ్వు ఎడమకి, ఎడమకి అని అరిచేది..."

"నాకు ఎడమేరా అది! మీరెందుకు నవ్వుతున్నారో చాన్నాళ్ళకి గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పడానికి సిగ్గేసింది."

నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"అమ్మలుకి ఎలా చెప్పనురా? మా నాన్నకి ఆటలంటే ప్రాణం అని అందరికీ చెప్పుకుంటుంది. తీరా చూస్తే ఒక్క ఆట కూడా సరిగ్గా చూడలేదని తెలిస్తే ఏమనుకుంటుంది? అందుకే, రిమోట్ తిప్పి పట్టుకుంటే కుదురుతుందేమోనని పొద్దున్నే వచ్చా."

కుదిరిందని వేరే చెప్పాలా? చివరి లెవెల్ సంగతి అప్పుడు చెప్పాను. బావ మొహంలో రంగు మారింది. "తీసేయడమా? నేను చూడకుండానే? ఫోన్ చెయ్, ఇప్పుడే రమ్మను" అన్నాడు.

అమ్మలు వచ్చేసరికి బెంచీ మళ్ళీ నిండింది. మాస్టారు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు, డ్రైవర్ బస్సు ట్రిప్పు ముగించుకుని వచ్చాడు. బావ టీవీకి వీపు పెట్టి, అద్దం వైపు నిలబడి, రిమోట్ తిప్పి పట్టుకున్నాడు. అమ్మలు ఒక్క క్షణం తెల్లబోయి చూసింది. తర్వాత అద్దంలోకి చూసింది, టీవీ వైపు చూసింది, మళ్ళీ అద్దంలోకి చూసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాన్నా! ఇన్నేళ్ళూ ఇలాగేనా?"

"ఇలాగేనమ్మా. మాట్లాడించకు, పడతాను."

పడలేదు. మొదటి గుంట దాటినప్పుడు బెంచీ మొత్తం చప్పట్లు కొట్టింది. లెవెల్ తర్వాత లెవెల్ పోతోంది. నేను ఓ తల సగంలో ఆపేసి చూస్తున్నాను, ఆ తల తాలూకు మనిషి కూడా అభ్యంతరం చెప్పలేదు. చివరికి పిలక ఓ సెలూన్‌లోకి వచ్చింది. మా సెలూనే. పగిలిన టైలు దగ్గర్నించి నా కుర్చీ చేతికి చుట్టిన టేపు దాకా, అన్నీ ఉన్నాయి. పిలక కుర్చీ ఎక్కి, అక్కడ్నించి అద్దంలోకి దూకేసింది. దూకగానే తెర మొత్తం అటుది ఇటు, ఇటుది అటు అయిపోయింది. అద్దం లోపల దారి కుడికి కాదు, ఎడమకి.

మా అద్దంలో చూస్తున్న బావకి అది కుడికి కనిపించింది. చెయ్యి తడబడింది, పిలక పడింది.

రూలు రూలే. రిమోట్ మాస్టారి చేతికి వెళ్ళింది. ఆయన అలవాటుగా కుడికి నొక్కారు, కొద్దిగా తడుముకున్నారు, పడ్డారు. మాస్టారు పడ్డారు! డ్రైవర్ ఆ రోజు మొదటిసారి నిజంగా ఆడాలనుకుని ఆడాడు, అతనూ పడ్డాడు. గుమ్మంలో నిలబడ్డవాళ్ళూ వరసగా పడ్డారు. అమ్మలు కింది పెదవి కొరుక్కుంటూ, "చెప్పాగా మావయ్యా, ఎవరూ దాటలేరు. తీసేస్తాం" అంది మెల్లగా.

రిమోట్ తిరిగి తిరిగి బావ దగ్గరికి వచ్చింది. ఆయన అద్దంలోకి చూశాడు. కాసేపు అలాగే చూసి, ఉన్నట్టుండి నవ్వాడు. "ఒరేయ్ బామ్మర్దీ, ఇది నా వైపు నుంచే చేసిందిరా" అంటూ వెనక్కి తిరిగాడు. రిమోట్ కూడా అందరిలా సరిగ్గా పట్టుకున్నాడు. టీవీకి ఎదురుగా నిలబడి, ఎడమకి నడిపించాడు. ఆయనకి ఆటంటే ఎప్పుడూ ఎడమకే. తువ్వాలు మీంచి జారి, కత్తెర మూసుకునేలోగా దాని సందులోంచి దూరి, ఎక్కడా ఆగకుండా పోయాడు.

లెవెల్ చివర ఓ మంగలి మనకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. పిలక ఆఖరిసారి దూకి ఆయన భుజం మీద కూర్చుంది. అప్పుడు ఆయన మొహం తిప్పాడు. నవ్వుతున్న మొహం. దాని కింద పేర్లు పైకి జరగడం మొదలుపెట్టాయి.

ఎప్పుడూ గట్టిగా చదివే మనిషి ఈసారి తెరనే చూస్తూ ఉండిపోయాడు. మాస్టారే కళ్ళజోడు సర్దుకుని చదివారు. "బొమ్మలు ఈ అమ్మాయే వేసింది. కథ కూడా ఈ అమ్మాయే. నాన్నకి థ్యాంక్స్ చెప్పింది చూడండి."

"నేను బెంచీ మీంచి ఎప్పుడూ నీ మొహం అద్దంలోనే చూసేదాన్ని నాన్నా" అంది అమ్మలు. "నువ్వు ఆట చూసి నవ్వేది నాకు అక్కడే కనిపించేది. అందుకే చివర్లో అద్దంలోకి తీసుకెళ్ళా. నువ్వు తిరగేసి చూస్తున్నావని నాకు తెలీనే తెలీదు." తర్వాత భయంభయంగా అడిగింది. "ఎలా ఉంది?"

"చెయ్యి కనిపిస్తోందమ్మా" అన్నాడు బావ.

అది ఏడ్చేసింది. ఇంట్లో అక్క రోజూ గుమ్మంలో చేసినట్టే, ఆయన భుజం మీది వెంట్రుకలు చేత్తో దులుపుతూ ఏడ్చింది, దులపడం అయ్యాక నవ్వింది. నేను పక్కనున్న తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాను. అది అప్పుడే ఒకాయన మెడకి చుట్టి తీసిన తువ్వాలు, కంట్లో వెంట్రుకలు పడి రోజంతా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేనూ ఏడ్చానని బావ ఇప్పటికీ ప్రచారం చేస్తున్నాడు. ఏడ్చాను, నిజమే, కాని అంతసేపు కాదు.

బావ కత్తెర తీసి గాల్లో రెండుసార్లు ఆడించాడు. "పడ్డవాళ్ళంతా వరసగా రండి" అన్నాడు. అందరికంటే ముందు మాస్టారు లేచారు. ఆ రోజు ఆయన భోజనం వేళకంటే ముందే, కటింగ్‌తో, ఇంటికి వెళ్ళారు. వాళ్ళావిడ తలుపు తీసి ఎవరండీ అని అడిగిందట.

ఆట శనివారం స్టోర్‌కి వెళ్ళింది, చివరి లెవెల్‌తో సహా. అది చాలా కష్టంగా ఉందని ఎక్కడెక్కడివాళ్ళో రాస్తుంటారు, అమ్మలు అవన్నీ వాళ్ళ నాన్నకి చదివి వినిపిస్తుంది. సెలూన్‌లో బావ మళ్ళీ కత్తెర పట్టుకుని అద్దంలోనే చూస్తాడు, ఆయన ఎడమంటే బెంచీ మీదివాళ్ళు కుడికే దూకుతారు. ఆ ఒక్క లెవెల్ వచ్చినప్పుడు మాత్రం పని ఆపి టీవీ వైపు తిరుగుతాడు. కుర్చీలో సగం తలతో ఉన్నవాడు ఎవడైనా సరే, ఆగాల్సిందే. అప్పుడు మా బావ ఎడమంటే ఎడమే.